మార్కెట్ బోర్డుల మీద అజమాయిషీ ఎవరిది? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పొగాకు, రొయ్య, మిర్చి, పసుపు పండించే పాఠకుల నుంచి ఇటీవల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి. పంటకో బోర్డు, యార్డుకో కమిటీ ఉన్నా ధర పడిపోయిన రోజున వాటిని నిలదీసే హక్కు ఎవరికుందన్నదే ఆ ఉత్తరాల సారాంశం. ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాం, కొన్నింటిని కుదించాం.

ప్రశ్న: 2025లో మా వైపు నల్ల బర్లీ పొగాకు కొనే నాథుడు లేక చెక్కులు (పొగాకు బేళ్లు) ఇళ్లలోనే మగ్గిపోయాయి. ఇదేమిటని అడిగితే బర్లీ పొగాకు బోర్డు పరిధిలోకి రాదంటున్నారు. పేరులోనే పొగాకు ఉన్న బోర్డుకు పొగాకు పరిధిలో లేకపోవడం ఏమిటి?
– ఒక రైతు, పర్చూరు ప్రాంతం

జవాబు: పేరు విశాలంగా ఉన్నా, ఆ బోర్డు చేతిలోని గట్టి అధికారాలన్నీ వర్జీనియా రకానికే పరిమితం. 1975లో పార్లమెంటు చేసిన పొగాకు బోర్డు చట్టంలో పొగాకు పరిశ్రమను అభివృద్ధి చేయాలన్న సాధారణ బాధ్యత ఒకటి ఉంది. అయితే సాగును క్రమబద్ధం చేయడం, రైతులను నమోదు చేయడం, వేలం నడపడం, అవసరమైతే సరుకు కొనడం వంటి అసలు పనుల దగ్గరికి వచ్చేసరికి చట్టం వర్జీనియా పొగాకు అని విడమరచి చెబుతుంది. ఎగుమతుల ద్వారా విదేశీ మారకం తెచ్చిపెట్టే రకంగా ఆనాడు ప్రభుత్వం చూపు దాని మీదే ఉంది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పుట్టిన ఈ బోర్డు నేటికీ వ్యవసాయ శాఖ కింద కాక వాణిజ్య శాఖ కింద ఉండటం కూడా ఆ చూపుకు కొనసాగింపే.

వర్జీనియా రైతు సంగతి గమనిస్తే తేడా తెలుస్తుంది. ఏటా బోర్డు ఆంధ్రప్రదేశ్‌కు, కర్ణాటకకు విడివిడిగా పంట పరిమాణం నిర్ణయిస్తుంది. రైతు తన పేరు నమోదు చేయించుకోవాలి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు తీసుకోవాలి, బ్యారన్‌కు ఇంత అని అనుమతించిన మేరకే పండించాలి. క్యూరింగ్ అయిన ఆకును గ్రేడు చేసి, చెక్కులు కట్టి వేలం కేంద్రానికి తెస్తే అక్కడ ప్రతి చెక్కుకూ నంబరు పడుతుంది, తూకం నమోదవుతుంది, అందరి ఎదుట పాట జరుగుతుంది. కర్ణాటకలో 1984లో, ఆంధ్రప్రదేశ్‌లో 1985లో ఈ వేలం మొదలు కాకముందు తూకం, గ్రేడు, చెల్లింపు అన్నీ కొనుగోలుదారు దయ మీదే ఆధారపడి ఉండేవని పెద్దతరం రైతులకు గుర్తుండే ఉంటుంది.

అయితే వేలం కేంద్రం హామీ ఇచ్చేది పద్ధతికి మాత్రమే, ధరకు కాదు. పాటకు ఎవరూ ముందుకు రాకపోతే ఆ చెక్కు నోబిడ్ అవుతుంది, రైతు దాన్ని బండికెత్తుకుని ఇంటికి తెచ్చుకోవలసిందే. రైతుల ప్రయోజనం కాపాడటానికి తానే రంగంలోకి దిగి వర్జీనియా పొగాకు కొనే వెసులుబాటు చట్టంలో బోర్డుకు ఉన్నప్పటికీ, దానికి కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ఈ అనుమతి అన్న మాట దగ్గరే అసలు కీలకం ఉంది. బోర్డు అధ్యక్షుణ్ణి నియమించేది కేంద్రం, సభ్యుల్లో చాలామందిని నియమించేది కేంద్రం, బోర్డు బడ్జెట్‌ను ఆమోదించేది కేంద్రం, ఆదేశాలు ఇచ్చేది కేంద్రం. పాలకవర్గంలో రైతు ప్రతినిధులు ఉంటారు, కానీ వారిని రైతులు ఎన్నుకోరు. 2020లో కరోనా కాలంలో వర్జీనియా ధర పడిపోయినప్పుడు వేలంలోకి దిగి కొన్నది కూడా బోర్డు కాదు, రాష్ట్ర ప్రభుత్వం పంపిన సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్.

ఇక బర్లీకి ఈపాటి ఏర్పాటు కూడా లేదు. సీజనుకు ముందు కంపెనీ మనిషో, మధ్యవర్తో వచ్చి ఇంత ధర ఇస్తామని చెప్పి వెళ్తారు, చాలాచోట్ల అది నోటిమాటగానే మిగులుతుంది. ధర బాగున్న మరుసటి ఏడు విస్తీర్ణం పెరిగిపోతుంది, ఎవరు ఎంత వేశారో లెక్కగట్టి హెచ్చరించే సంస్థ ఉండదు. 2025లో జరిగింది అదే. చివరికి అప్పుడూ రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. కేంద్ర చట్టం కింద అధికారం ఒకచోట, రాష్ట్ర ఖజానా మీద భారం మరొకచోట ఉండటం నాకు సబబుగా అనిపించదు. బర్లీని బోర్డు కిందికి తేవాలంటే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అంతవరకు రాష్ట్రం చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పని కూడా లేదు. పొగాకు మీద రాష్ట్ర మార్కెట్ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటి ఉంది, దాని సంగతి కింద మరో ప్రశ్నకు జవాబులో చూడండి. బర్లీ కొనేవారు ముందుగా నమోదు చేయించుకోవాలని, రైతుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని నిబంధన పెట్టడానికి ఆ దారి పనికొస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: రొయ్యల సాగు మీద ఎంపెడా, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, రాష్ట్ర మత్స్యశాఖ, అప్సడా ఇలా ఎన్నో సంస్థలున్నాయి. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధర ఒక్కసారిగా పడిపోతే వీటిలో ఎవరి తలుపు తట్టాలి?
– ఒక ఆక్వా రైతు, భీమవరం

జవాబు: ధర కోసమే అయితే, ఇదిగో ఇక్కడికి వెళ్లండి అని చూపించగల తలుపు చట్టంలో లేదు. కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల పంటల జాబితాలో రొయ్య లేదు. మీరు పేర్కొన్న సంస్థల్లో ఒక్కోటి ఒక్కో అవసరం కోసం పుట్టింది. అవి పుట్టిన కారణం తెలిస్తే దేన్ని ఏమి అడగవచ్చో తేలిగ్గా అర్థమవుతుంది.

ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, 1972 నాటి కేంద్ర చట్టం కింద కొచ్చి కేంద్రంగా ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వ అదుపులో, ప్రత్యేకించి ఎగుమతుల దృష్ట్యా, సముద్ర ఉత్పత్తుల పరిశ్రమను అభివృద్ధి చేయడం దాని విధి అని చట్టం చెబుతుంది. ఇందులోని ప్రతి మాటకూ బరువుంది. అదుపు కేంద్రానిది, దృష్టి ఎగుమతి మీద, అభివృద్ధి చేయవలసినది పరిశ్రమను. ఎగుమతిదారులను, శుద్ధి కర్మాగారాలను, చేపల వేట పడవలను నమోదు చేయడం, సరుకు నాణ్యత చూడటం, విదేశీ మార్కెట్లలో ప్రచారం చేయడం దాని పనులు. ఆ చట్టం రాసిన రోజుల్లో ఎగుమతి రొయ్య అంటే ప్రధానంగా సముద్రంలో వల వేసి పట్టిన రొయ్యే. అందుకే పడవ యజమాని, కర్మాగారం యజమాని, శీతల గిడ్డంగి యజమాని కనిపించినంత స్పష్టంగా చెరువు రైతు ఆ చట్టంలో కనిపించడు. ఇప్పుడు ఎగుమతయ్యే రొయ్యలో సింహభాగం చెరువుల నుంచే వస్తున్నా చట్టం చూపు ఇంకా రేవు దగ్గరే ఉండిపోయింది.

అలాగని ఎంపెడాతో రైతుకు పని లేదని కాదు. చెరువును ఎంపెడా దగ్గర నమోదు చేయించుకోవడం, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష చేయించుకోవడం యూరప్ మార్కెట్‌కు వెళ్లే సరుకుకు ముఖ్యం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల ఆనవాళ్లు బయటపడి ఒక్క కంటెయినర్ వెనక్కి వచ్చినా, ఆ దెబ్బ ఎగుమతిదారు దగ్గర ఆగదు, మరుసటి వారం చెరువు గట్టు మీద ధరలో కనిపిస్తుంది. పరీక్ష ఫలితం మీద అనుమానం ఉంటే ప్రశ్నించే హక్కు, నమూనా ఎప్పుడు ఎలా తీశారో తెలుసుకునే హక్కు రైతుకు ఉంది. ఎగుమతి సరుకుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే ఎగుమతి తనిఖీ మండలి వేరే సంస్థ, అది 1963 నాటి వేరే చట్టం కింద నడుస్తుంది.

కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ కథ పూర్తిగా వేరు. తీరప్రాంతంలో ఇష్టారాజ్యంగా తవ్విన రొయ్యల చెరువుల వల్ల పొలాలు, తాగునీరు ఉప్పుబారుతున్నాయన్న వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత పార్లమెంటు 2005లో చేసిన చట్టం కింద ఈ అథారిటీ చెన్నై కేంద్రంగా ఏర్పడింది. సముద్రంలోనూ, ఉప్పుటేర్లలోనూ పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు చెరువులకు నమోదు, పర్యావరణ షరతులు చూడటం దాని బాధ్యత. దాన్ని ధర గురించి అడిగి ప్రయోజనం లేదు. నమోదు లేని చెరువు వ్యర్థ జలాలు మీ పొలంలోకి వస్తుంటే మాత్రం అడగవలసింది దాన్నే.

రాష్ట్రం విషయానికి వస్తే, అంతర్గత మత్స్య రంగం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనిది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020లో ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టాన్ని, చేపల మేత నాణ్యత చట్టాన్ని విడివిడిగా చేసింది. మొదటి చట్టం కింద ఏర్పడినదే మీరు రాసిన అప్సడా. మేత నాసిరకంగా ఉన్నా, సాగు లైసెన్సు సమస్య వచ్చినా రాష్ట్ర యంత్రాంగం దగ్గరికే వెళ్లాలి. పిల్ల నాణ్యతకు 2006 నాటి రాష్ట్ర చట్టం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ధరల మీద ఎగుమతిదారులతో మాట్లాడే భారం కూడా రాష్ట్రం మీదే పడింది. ఇటువంటి సమావేశాల్లో కౌంటుల వారీగా ఒప్పుకున్న ధర పత్రికల్లో వచ్చిన మరునాడే చెరువు దగ్గర అమలు కావడం లేదన్న ఫిర్యాదు తరచూ వింటున్నాం. ఒప్పుకున్న మాటకు చట్టబద్ధమైన మద్దతు ధరకున్న బలం ఉండదు. ధర నిర్ణయానికి ఏ లెక్క వాడారో, ఎవరు సంతకం చేశారో రాతపూర్వకంగా బయట పెట్టమని రైతు సంఘాలు పట్టుబట్టడం మేలు.

ప్రశ్న: మిర్చి అమ్మినప్పుడల్లా మార్కెట్ ఫీజు అంటారు. ఆ డబ్బు మార్కెట్ కమిటీ తనకు నచ్చిన పనికి ఖర్చు పెట్టవచ్చా?
– ఒక మిర్చి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: పెట్టకూడదు. ఈ విషయంలో న్యాయస్థానాల మాట స్పష్టంగానే ఉంది, కాకపోతే కాలక్రమంలో కొంత మెత్తబడింది.

1966 నాటి వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం కింద కమిటీలు ఫీజు వసూలు చేస్తాయి. చట్టం ప్రకారం చెల్లించవలసిన వాడు కొనుగోలుదారు. వ్యాపారి ఆ మేరకు ధర తగ్గించి పాడితే భారం రైతు మీదికే జారుతుందన్నది వేరే సంగతి. మీ తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) మార్కెట్ ఫీజు పేరుతో కోత కనిపిస్తే మాత్రం ఊరుకోకండి, యార్డు కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఫీజుకు, పన్నుకు తేడా ఉంది. పన్ను సొమ్ము ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుంది, దానికి ప్రతిఫలంగా ఫలానా సేవ చేయాలన్న షరతు లేదు. ఫీజు తీసుకున్నవాడు సేవ చేసి చూపాలి. 1979లో పంజాబ్, హర్యానా మార్కెట్ ఫీజుల మీద వచ్చిన కేవల్ కృష్ణ పురి కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకుంది. ఫీజును 3 శాతానికి పెంచడాన్ని కొట్టివేస్తూ, వసూలైన సొమ్ములో అధిక భాగం, అంటే సుమారు మూడింట రెండొంతులో, నాలుగింట మూడొంతులో, ఫీజు కట్టినవారికి మార్కెట్‌లో అందే సేవలకే ఖర్చయినట్టు కనిపించాలని చెప్పింది. వైద్య కళాశాలకు డబ్బివ్వడం ఎంత మంచి పనైనా అది మార్కెట్ సేవ కాదన్నది ఆ తీర్పు ధోరణి.

ఆ తర్వాత మన రాష్ట్రం కేసే వెళ్లింది. నూటికి 50 పైసలున్న ఫీజును రూపాయికి పెంచడాన్ని వ్యాపారులు సవాలు చేయగా, 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు పెంపును సమర్థించింది. పైసాకు పైసా లెక్క తేలనక్కరలేదు, వసూలుకు, సేవలకు మధ్య మొత్తం మీద తగిన సంబంధం ఉంటే చాలన్నది. పాలన నడిపేవారికి ఇది అనుకూలమైన తీర్పు. నా దృష్టిలో మాత్రం 1979 నాటి కొలమానమే రైతుకు ఎక్కువ అక్కరకు వచ్చేది. సంబంధం తగినంత ఉందా లేదా అన్నది తేల్చడానికి ప్రతిసారీ కోర్టుకు వెళ్లలేం గానీ, మూడింట రెండొంతులు ఖర్చయిందా లేదా అన్నది ఆడిట్ నివేదిక చేత పట్టుకున్న ఎవరైనా లెక్క కట్టవచ్చు.

ప్రశ్న: మార్కెట్ కమిటీకి ఎన్నికలు ఎందుకు పెట్టరు?
– ఇద్దరు పాఠకులు, కైకలూరు, తెనాలి

జవాబు: మన రాష్ట్రంలో చైర్మన్‌ను, సభ్యులను ప్రభుత్వం నామినేట్ చేయడం ఆనవాయితీగా స్థిరపడింది గనుక. సభ్యుల్లో రైతులకు ఎక్కువ స్థానాలు, వ్యాపారులకు కొన్ని, అధికారులకు కొన్ని అని చట్టం పంపకం చేసింది కానీ ఆ రైతులు ఎవరన్నది నిర్ణయించేది రైతులు కారు. ప్రభుత్వం మారగానే కమిటీలు రద్దు కావడం, కొత్త కమిటీ వచ్చేదాకా నెలల తరబడి అధికారి ఒకరు ఇన్‌చార్జిగా యార్డు నడపడం అందరూ చూస్తున్నదే. సర్పంచిని ఎన్నుకోగల రైతు, తాను అమ్మే యార్డు చైర్మన్‌ను ఎందుకు ఎన్నుకోలేడో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ నమ్మదగిన కారణం చెప్పలేదు. ఖర్చు, గొడవలు అన్నవి చెప్పే సాకులు. సహకార సంఘాలకూ, పంచాయతీలకూ అవి లేవా?

ప్రశ్న: పొగాకు మీద బోర్డు రుసుము కడుతున్నాం. అదే సరుకు మీద రాష్ట్ర మార్కెట్ ఫీజు కూడా అడగవచ్చా?
– ఒక వ్యాపారి, ఒంగోలు

జవాబు: అడగవచ్చు. మార్కెట్లు, సంతలు రాష్ట్ర జాబితాలోని అంశం. పొగాకు పరిశ్రమను ప్రజాప్రయోజనం దృష్ట్యా తన అదుపులోకి తీసుకుంటున్నట్టు కేంద్రం 1975 చట్టంలో ప్రకటించింది. ఈ రెంటిలో ఏది నెగ్గుతుందన్న వివాదంలో 1985లో సుప్రీంకోర్టు కేంద్ర చట్టానికే మొగ్గింది, రాష్ట్ర ఫీజు చెల్లదన్నది. 2002 జనవరిలో ఐటీసీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3–2 మెజారిటీతో ఆ మాటను తిరగరాసింది. పరిశ్రమ అంటే తయారీయే తప్ప ముడి ఆకు అమ్మకం కాదని, పొలం నుంచి వచ్చిన ఆకు క్రయవిక్రయాల మీద రాష్ట్ర మార్కెట్ చట్టం పనిచేస్తుందని మెజారిటీ అభిప్రాయం. వ్యాపారిగా మీకిది రుచించకపోవచ్చు. పైన పర్చూరు రైతుకు చెప్పిన దారి మాత్రం ఈ తీర్పు తెరిచినదే.

ప్రశ్న: నిజామాబాద్‌లో పసుపు బోర్డు వచ్చింది కదా, దానికి పొగాకు బోర్డుకున్నంత అధికారం ఉందా?
– ఒక పాఠకురాలు, ఆర్మూరు

జవాబు: లేదు. పొగాకు బోర్డు, 1986 చట్టం కింద వచ్చిన సుగంధద్రవ్యాల బోర్డు పార్లమెంటు చట్టంతో పుట్టాయి. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో నోటిఫికేషన్ ద్వారా ఏర్పాటు చేసింది, అది 2025 జనవరి 14న ప్రారంభమైంది. పరిశోధనకు, ఎగుమతికి, విలువ జోడింపుకు సమన్వయం చేయగలదే గానీ, వేలం తప్పనిసరి చేయడం, కొనుగోలుదారుకు జరిమానా వేయడం వంటివి చట్టం లేకుండా కుదరవు. నోటిఫికేషన్‌తో వచ్చినదాన్ని మరో నోటిఫికేషన్‌తో మార్చవచ్చు కూడా. దశాబ్దాలుగా అడిగిన రైతులకు బోర్డు దక్కింది, ఇప్పుడు అడగవలసింది దానికో చట్టం.

ప్రశ్న: అమెరికాలో రైతులే బోర్డులు నడుపుకుంటారని, ప్రభుత్వం జోక్యం ఉండదని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా?
– ఒక విద్యార్థి, బాపట్ల

జవాబు: మొదటి సగం కొంత నిజం, రెండో సగం కాదు. అక్కడ చాలా పంటలకు రైతులో, వ్యాపారులో, ఇద్దరూ కలిసో చందా వేసుకుని ప్రచార మండళ్లు నడుపుతారు. 1937 నాటి చట్టం కింద వచ్చే మార్కెటింగ్ ఉత్తర్వుల వంటి వాటికి ఉత్పత్తిదారుల ఓటింగులో మూడింట రెండొంతుల ఆమోదం కావాలి. మనవారు నేర్చుకోదగిన మొదటి విషయం అది. అలాస్కా రాష్ట్ర సముద్ర ఆహార మార్కెటింగ్ సంస్థ పాలకవర్గంలో ఏడుగురు ఉంటారు, అయిదుగురు శుద్ధి కర్మాగారాల తరఫున, ఇద్దరు మత్స్యకారుల తరఫున. అయితే ఆ ఏడుగురినీ నియమించేది గవర్నరే.

ప్రభుత్వ జోక్యం గురించి అక్కడి సుప్రీంకోర్టు తీర్పులు ఆసక్తికరంగా ఉంటాయి. పశువుకు ఒక డాలరు చొప్పున నిర్బంధంగా వసూలు చేసి గొడ్డుమాంసం ప్రకటనలు ఇవ్వడాన్ని కొందరు పెంపకందారులు వ్యతిరేకించారు. తమకు ఇష్టం లేని మాటలకు తమ డబ్బు ఎందుకన్నది వారి వాదన. 2005లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చుతూ, ఆ ప్రకటనలను ప్రభుత్వం తన అదుపులో ఆమోదించి ఇస్తున్నది కాబట్టి అవి ప్రభుత్వం మాటలేనన్నది. అంటే వసూలు చట్టం ముందు నిలబడాలంటే సర్కారు అజమాయిషీ పేరుకు కాక నిజంగా ఉండాలి. మరోవైపు, ఎండుద్రాక్ష పంటలో కొంత భాగాన్ని సొమ్ము చెల్లించకుండా మండలి తీసుకోవడం రైతు ఆస్తిని లాక్కోవడమేనని 2015లో అదే కోర్టు చెప్పింది. ఓటు హక్కు కింద నుంచి, పర్యవేక్షణ పై నుంచి ఉండటం అక్కడి ఏర్పాటు. మనకు రెండోది మాత్రమే ఉంది.

ప్రశ్న: బోర్డుల జమాఖర్చులు సామాన్య రైతు చూడాలంటే మార్గం ఏమిటి?
– చాలామంది పాఠకులు

జవాబు: పొగాకు బోర్డు, ఎంపెడా వంటి కేంద్ర సంస్థల లెక్కలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తారు. ఆడిట్ నివేదికతో సహా ఆ లెక్కలను, వార్షిక నివేదికను పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో ఆ పని కావాలన్నది పార్లమెంటు కమిటీ పెట్టిన గడువు. ఆలస్యమైతే కారణం చెబుతూ ప్రకటన కూడా ఇవ్వాలి. సభ ముందుకు వచ్చిన పత్రం బహిరంగ పత్రమే కాబట్టి, మీ ఎంపీ కార్యాలయాన్ని అడిగినా తెప్పించి ఇవ్వగలరు. మార్కెట్ కమిటీల లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది. ఆ నివేదికలు జనం కంట పడటం మాత్రం అరుదు, అడిగితే తప్ప బయటికి రావు.

అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తిగా లేకపోయినా మరో 30 రోజుల్లో అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు చేసుకోవాలి, కేంద్ర సంస్థలైతే కేంద్ర సమాచార కమిషన్‌కు, మార్కెట్ కమిటీ, అప్సడా వంటివైతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

దరఖాస్తులో చాలామంది చేసే పొరపాటు, నిధులు ఎందుకు దుర్వినియోగం చేశారు అని అడగడం. ఎందుకు అన్నదానికి జవాబు చెప్పవలసిన బాధ్యత సమాచార అధికారికి లేదు, తన దగ్గరున్న కాగితం ఇవ్వడమే ఆయన పని. కాబట్టి కాగితం పేరు చెప్పి అడగండి. ఫలానా ఆర్థిక సంవత్సరంలో పాలకవర్గం ఏయే తేదీల్లో సమావేశమైందో, ఆ సమావేశాల హాజరు పట్టీ, తీర్మానాల ప్రతులు ఇమ్మనండి. రైతు ప్రతినిధులుగా నియమితులైన సభ్యుల పేర్లు, వారిని నియమించిన ఉత్తర్వు ప్రతి అడగండి. ఆడిట్ అభ్యంతరాల జాబితాను, ఒక్కో అభ్యంతరం మీద తీసుకున్న చర్యను తెలిపే పత్రంతో కలిపి అడగండి. ఒక దరఖాస్తులో ఒక సంవత్సరానికి, ఒక విషయానికి పరిమితమైతే సమాచారం విస్తారంగా ఉందన్న నెపంతో పక్కన పెట్టే అవకాశం తగ్గుతుంది. దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచుకోండి, మొదటి అప్పీలుకు దాని నకలు జతచేయవలసి ఉంటుంది.